రాయడం మధ్యలో ఆగిపోతోందా? పన్నెండు వారాల్లో ఎనిమిది గల్పికలు పూర్తి చేయడం ఎలా

"రాయాలని బాగా ఉంటుంది. నాలుగు రోజులు రాస్తాను, అయిదో రోజు పుస్తకం మూసేస్తాను. ఏం చేయాలి?" మాటలు మారుతుంటాయి గానీ ఎక్కువమంది అడిగేది ఇదే. దాని వెనకే రెండోది వస్తుంది: "రాసింది బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?" నిజానికి ఈ రెండూ ఒకే జబ్బు. సగంలో వదిలేసిన రచన బాగుందో లేదో ఎవరూ చెప్పలేరు. బాగుందో లేదో తెలియని పని మీద ఎవరికీ ఉత్సాహం నిలవదు. అందుకే ఈ పద్ధతిలో నవల ఊసే లేదు. మూడు పేజీల గల్పిక, అంటే బాగా చిన్న కథ, రాయాలి, చివరిదాకా రాయాలి, దిద్దాలి, ఇంకొకరి చేతిలో పెట్టాలి. అలా ఎనిమిదిసార్లు.

విజయవాడ, గుంటూరు, తెనాలి చుట్టుపక్కల ఉండేవాళ్లకి పనికొచ్చేలా చోట్లు, ఉదాహరణలు ఇక్కడివే తీసుకున్నాం.

కావలసినవి

- రెండు వందల పేజీల రూళ్ల లాంగ్ నోట్‌బుక్. కుడి పేజీలోనే రాయాలి. ఎడమ పేజీ దిద్దుబాట్లకి ఖాళీగా ఉంచాలి.
- జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో పట్టే చిన్న పుస్తకం. దీన్ని చెవి పుస్తకం అనుకుందాం.
- నీలం పెన్ను, ఎర్ర పెన్ను, పెన్సిలు.
- తేదీల గళ్లున్న గోడ క్యాలెండరు. కిరాణా కొట్టువాళ్లు ఇచ్చేదైనా సరే.
- ఫోనులో అలారం, వాయిస్ రికార్డరు.
- చదవడానికి పన్నెండు కథలు.
- మీరు రాసింది చదివి, నచ్చకపోతే మొహమాటం లేకుండా చెప్పే మనిషి ఒకరు.

కథల కోసం కొత్త పుస్తకాలు కొనాల్సిన పని లేదు. విజయవాడలో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో పాత వారపత్రికలు, కథా సంకలనాలు దొరుకుతాయి. ఏటా జనవరిలో పుస్తక మహోత్సవం ఎటూ ఉంది, 1989లో మొదలైంది. గుంటూరులో బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయంలో పాత పుస్తకాలు బోలెడు. ఊరు కదలలేనివాళ్లకి శ్రీకాకుళం కథానిలయం వాళ్ల వెబ్‌సైటు ఉంది. వేల కథలు అచ్చయిన పేజీల స్కాన్లతో సహా ఉచితంగా చదవొచ్చు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది మన విజయవాడలోనే. పుస్తకాలు దొరకడం లేదన్న సాకు ఇక్కడ చెల్లదు.

ఒక జాగ్రత్త: పన్నెండు కథల్లో కనీసం ఎనిమిది తెలుగులోనే పుట్టినవై ఉండాలి. అనువాదాలు మంచివే, కానీ వాటి వాక్యం నడక మీ చేతికి తెలియకుండానే అంటుకుంటుంది.

మొదటి రెండు వారాలు: చేతినీ చెవినీ సిద్ధం చేయడం

1. గడియారంలో ఒక చోటు కట్టేయండి. రోజుకి 25 నిమిషాలు, వారానికి ఆరు రోజులు. "తీరిక దొరికినప్పుడు" అనుకుంటే ఎప్పటికీ దొరకదు. ఉద్యోగస్తులైతే పొద్దున ఆరు గంటలకి, ఇంట్లో ఉండేవాళ్లయితే మధ్యాహ్నం గిన్నెలు సర్దేశాక. అలారం పెట్టి ఫోను పక్క గదిలో ఉంచండి. మే నెలలో మొదలుపెట్టేవాళ్లు మధ్యాహ్నాన్ని మర్చిపోండి. బెజవాడ ఎండలో రెండింటికి మెదడు పని చేయదు, దాన్ని బద్ధకం అనుకుని మిమ్మల్ని మీరు తిట్టుకుంటారు.

రోజూ విజయవాడ, గుంటూరు మధ్య బస్సులోనో రైల్లోనో తిరిగేవాళ్లకి ప్రయాణం మంచి సమయమే, కానీ రాయడానికి కాదు. కుదుపుల్లో చేతిరాత సాగదు. చదవడానికీ, చెవి పుస్తకానికీ వాడుకోండి.

రాసిన రోజు క్యాలెండరు గడిలో ఒక టిక్కు పెట్టండి. ఎన్ని మాటలు రాశారో వేయొద్దు, కూర్చున్నారా లేదా అన్నదొక్కటే లెక్క.

2. చెవి పుస్తకంలో రోజుకి మూడు మాటలు. మనుషులు నిజంగా అన్న మాటల్ని అన్నట్టే రాసుకోండి. నెహ్రూ బస్టాండు ప్లాట్‌ఫారం బెంచీ, రైతుబజారు, ఆసుపత్రి వరండా, బ్రాడీపేట టిఫిన్ సెంటరు, ఎక్కడైనా సరే. అర్థం రాసుకోవద్దు, మాట రాసుకోండి. "కండక్టరుతో చిల్లర గురించి గొడవ" అని రాస్తే నెల తర్వాత అది దేనికీ పనికిరాదు. "దిగేటప్పుడు ఇస్తానన్నావుగా, దిగుతున్నా, ఇవ్వు" అని రాసుకుంటే అందులో మనిషి ఉన్నాడు.

వారానికోసారి ఒక చోటు గురించి పది వాక్యాలు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు మిర్చి యార్డు వైపు వెళ్లగలిగితే బయట టీ బడ్డీ దగ్గర నిలబడి రాయండి. నిబంధన ఒక్కటే: ఘాటు, కారం, ఎరుపు అన్న మాటలు వాడకూడదు. అప్పుడు హమాలీ ముక్కుకి కట్టుకున్న తువాలూ, టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసిన భుజమూ, కాటా దగ్గర రైతు మొహమూ కనిపించడం మొదలవుతుంది. కళ్ల ముందున్నదానికి అందరూ వాడే మొదటి మాటని లాగేస్తే, మీరు చూసింది బయటికొస్తుంది. యార్డు దూరమైతే ఇదే పని చేపల మార్కెట్టులో "కంపు" అన్న మాట లేకుండా చేయండి.

జాగ్రత్త: విన్న మాట వాడుకోండి గానీ అన్న మనిషిని గుర్తుపట్టేలా రాయొద్దు. ఊరూ, వృత్తీ, వయసూ మార్చండి. బంధువుల ఇంటి గొడవ పేర్లు మార్చి రాసేస్తే, పెళ్లిళ్లకి పిలుపులు ఆగిపోతాయి.

3. ఎత్తిరాయండి. వారానికి ఒక కథలో మీకు బాగా పట్టిన ఒక్క పేజీని చేత్తో చూసి రాయండి. ఫొటో తీసుకోవడం, టైపు చేయడం లెక్కలోకి రావు. వాక్యం ఎక్కడ ఆగిందో, సంభాషణ తర్వాత "అన్నాడు" ఎన్నిసార్లు వచ్చిందో, పేరాలో మొదటి మాటేమిటో చేతికి తెలియాలి. ఎత్తిరాసిన పేజీ పైన కథ పేరూ రచయిత పేరూ తప్పకుండా వేయండి. ఆర్నెల్ల తర్వాత అది మీదే అనుకునే ప్రమాదం ఉంది, నవ్వకండి, జరుగుతుంది.

మూడో వారం నుంచి పదో వారం దాకా: వారానికో గల్పిక

4. చిత్తుప్రతి మూడు రోజుల్లో. సోమ, మంగళ, బుధ. రోజుకి ఒక పేజీ. పంక్తికి ఆరేడు మాటలు, పేజీకి ఇరవై పైచిలుకు పంక్తులు వేసుకుంటే నూట యాభై మాటలు. మూడు పేజీలకి నాలుగు వందల యాభై. గల్పికకి ఆ కొలత చాలు.

మొదలుపెట్టే ముందు ఎడమ పేజీలో మూడే ముక్కలు రాసుకోండి: ఎవరు, వాళ్లకి ఈ పూట ఏం కావాలి, ఏది అడ్డు. "ప్రేమ గురించి", "మారుతున్న విలువల గురించి" అని రాశారంటే అది గల్పిక కాదు, వ్యాసరచన పోటీ. "పెద్దాయన. మనవడి ఫీజుకి ఈ సాయంత్రంలోగా నాలుగు వేలు కావాలి. అప్పిచ్చే స్నేహితుడితో నిన్ననే మాట పడింది." ఇదైతే నడుస్తుంది.

చిత్తు రాస్తున్నప్పుడు ఎర్ర పెన్ను ముట్టుకోవద్దు. స్పెల్లింగు అనుమానమొస్తే కింద గీత గీసి ముందుకి పోండి. మాట తోచకపోతే ఖాళీ గీత వదిలేయండి. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే: మొదటి పేరాని ఏడుసార్లు దిద్దుతారు, రెండో పేరా పుట్టదు. బుధవారం రాత్రికి ముగింపు ఎంత పేలవంగా ఉన్నా సరే, రాసి కింద గీత గీయండి.

చేత్తో రాయలేనివాళ్లు ఫోనులో మాట్లాడుతూ టైపు చేయించుకోవచ్చు. చిత్తుకి అది బాగానే పనిచేస్తుంది. కాకపోతే విరామచిహ్నాలు సరిగా పడవు, యాస మాటల్ని తనకి తెలిసిన మాటలుగా మార్చేస్తుంది. అదే రోజు ఒకసారి సరిచూసుకోకపోతే, మర్నాటికి మీరేమన్నారో మీకే తెలియదు.

5. వారం రోజులు ఊరనివ్వండి. ఆవకాయ కలిపిన రోజే ఉప్పు సరిపోయిందో లేదో తెలియదు, మూడో నాడు తిరగకలిపాకే తెలుస్తుంది. రచనకి మూడు రోజులు చాలవు, వారం కావాలి. ఈ వారం గల్పికని వచ్చే శుక్రవారం దిద్దండి. అంటే నాలుగో వారం నుంచి మీకు వారానికి రెండు పనులు: కొత్తదానికి చిత్తు, పాతదానికి దిద్దుబాటు. గురువారం సెలవు, చదువుకోండి.

6. దిద్దడం. అసలు పనితనం ఇక్కడుంది. దీన్ని ఒకే విడతలో చేయబోతే ఏదీ కనపడదు. నాలుగుసార్లు, ప్రతిసారీ ఒక్కదాన్నే వెతుకుతూ చదవండి.

మొదటిసారి మొదటి పేరా కొట్టేసి చూడండి. రెండో పేరా నుంచి చదివితే కథ అర్థమవుతోందా? కొత్తవాళ్ల రచనల్లో చాలావాటికి అవుతుంది. అయితే ఆ పేరా అక్కర్లేదు. చివరి రెండు వాక్యాలతోనూ ఇదే పని చేయండి. నీతి ఎక్కువగా దాక్కునేది అక్కడే.

రెండోసారి తాలుకాయలు ఏరండి. "ఒక", "యొక్క", "అనేది", "మరియు", "చాలా", "ఏదో తెలియని". ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. "యొక్క", "మరియు" కథలో ఒక్కటీ మిగలకూడదు. తెలుగులో "అమ్మా నాన్నా వచ్చారు" అంటే చాలు. "ఆమె", "అతను" కూడా లెక్కపెట్టండి. "వచ్చింది" అన్న క్రియలోనే వచ్చింది ఎవరో సగం తెలిసిపోతుంది, వాక్యవాక్యానికీ "ఆమె" అక్కర్లేదు. "చేయబడింది", "చెప్పబడింది" లాంటివి కనపడితే చేసిందెవరో పట్టుకుని వాక్యం తిరగరాయండి. ఇక "బాధగా", "కోపంగా", "ప్రేమగా" అంటూ "గా"తో వచ్చే మాటల్లో మూడింట రెండు తీసేసి, వాటి బదులు కనపడే పనేదైనా పెట్టండి.

ఉదాహరణ చూడండి. చిత్తు:

"ఒక రోజు సాయంత్రం సుబ్బులు చాలా బాధగా గుమ్మంలో కూర్చుంది. ఆమె తన కొడుకు యొక్క ఫోన్ కోసం ఎదురుచూస్తోంది. ఆమె మనసులో ఏదో తెలియని ఆందోళన కలిగింది."

దిద్దాక:

"సుబ్బులు గుమ్మంలోనే కూర్చుంది, ఒళ్లో ఫోను పెట్టుకుని. పాలు పొంగి మాడిన వాసన వచ్చేదాకా లేవలేదు."

బాధ, ఆందోళన రెండూ పోయాయి. మాడిన పాలు ఆ పని చేస్తున్నాయి. కొడుకు ప్రస్తావన కూడా పోయింది, అది తర్వాతి వాక్యంలో ఫోను మోగినప్పుడు ఎటూ తెలుస్తుంది.

మూడోసారి వాక్యాల తోకలు చూడండి. ఒక పేరాలో వాక్యాలన్నీ "వెళ్లాడు, చూశాడు, కూర్చున్నాడు, అన్నాడు" అని ముగుస్తుంటే గానుగ తిరిగినట్టుంటుంది. రెండిటిని "వెళ్లి చూసి" అని కలపండి. ఒకదాన్ని క్రియ లేకుండా ముగించండి: "ఎదురుగా అదే బల్ల." అలాగని "వెళ్లి, చూసి, కూర్చుని, తాగి, లేచి" అని అయిదు పనుల్ని ఒక గొలుసుగా కట్టొద్దు. మూడో పనికే పాఠకుడికి ఊపిరాడదు.

నాలుగోసారి మాటతీరు, వర్ణక్రమం. సంభాషణల్లో ఒక్కో మనిషి మాటల్ని విడిగా చదవండి. పల్నాడు నుంచి వచ్చిన రైతు ఒకచోట "ఎట్టా చేసేది" అని, రెండు పంక్తుల తర్వాత "ఎలా చేయగలను" అంటే అది మీ గొంతు, ఆయనది కాదు. యాస కోసం ప్రతి మాటనీ వంకర తిప్పక్కర్లేదు. "ఏంది", "ఎట్టా", "అట్టాగే" లాంటివి నాలుగైదు నిలకడగా వాడితే చాలు, మిగతాది వాక్యం నడకలో రావాలి. హాస్యం కోసం మాత్రమే యాస పెట్టడం పాత అలవాటు, దాన్ని వదిలేయండి.

తరచూ పడే తప్పులు కొన్ని: భాద కాదు బాధ, పద్దతి కాదు పద్ధతి, అధ్భుతం కాదు అద్భుతం, ఉద్ధేశం కాదు ఉద్దేశం, నిశబ్దం కాదు నిశ్శబ్దం, ప్రశంశ కాదు ప్రశంస. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. అనుమానమొస్తే ఆంధ్రభారతి వెబ్‌సైటులో నిఘంటు శోధన ఉంది, ఒకే వెతుకులాటలో చాలా నిఘంటువులు చూపిస్తుంది.

7. పైకి చదివి రికార్డు చేయండి. శనివారం. గల్పికకి నాలుగైదు నిమిషాలు పడుతుంది. వినేటప్పుడు కాగితం చేతిలో ఉండాలి. నాలుక తడబడిన ప్రతిచోటా పెన్సిలు గీత పెట్టండి. తడబాటు మీ నోటి తప్పు కాదు, దాదాపు ఎప్పుడూ వాక్యం తప్పే. చదువుతూ మీకు తెలియకుండానే మాట మార్చేసి ఉంటారు కొన్నిచోట్ల. మార్చిన మాటే సరైంది, కాగితం మీద దాన్నే వేయండి.

8. పాఠకుడికి ఇవ్వండి. "ఎలా ఉంది?" అని అడగొద్దు. "బాగుంది" అంటారు, అక్కడితో అయిపోతుంది. కాగితంతో పాటు పెన్సిలిచ్చి, విసుగొచ్చిన చోట అడ్డగీత, అర్థం కాని చోట ప్రశ్నార్థకం పెట్టమనండి. తర్వాత కథని రెండు ముక్కల్లో చెప్పమనండి. మీరు రాసిన కథే వాళ్లు చెప్పారా? అంతే. ఆ పూట వాదించకూడదు. "నా ఉద్దేశం అది కాదు" అని వివరించాల్సి వచ్చిందంటే ఆ వివరణ కథలో లేదన్నమాట.

వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి చప్పట్ల బొమ్మలు లెక్కపెట్టడం ఈ పని కిందకి రాదు. సాహిత్య సభలూ అంతే. అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో పుట్టింది, ఈ ప్రాంతంలో సభలకి కొదవ లేదు. వెళ్లండి, నలుగురు పరిచయమవుతారు, పాఠకుడు దొరికేది కూడా అక్కడే. కానీ శాలువా కప్పే చోట మీ మూడో పేరాలో తప్పు ఎవరూ చెప్పరు.

చివరి రెండు వారాలు: సాపు చేసి పంపడం

9. ఎనిమిదిలో రెండింటిని ఎంచుకుని సాపు రాయండి. పాఠకుడి పెన్సిలు గీతలు తక్కువ పడ్డవే తీసుకోండి, మీకు ముద్దొచ్చేవి కాదు. ఏ ఫోనులోనైనా, కంప్యూటర్లోనైనా తెరుచుకునే యూనికోడ్‌లో టైపు చేసుకోవడం మంచిది. డీటీపీ సెంటరులో చేయిస్తే చాలాచోట్ల యూనికోడ్ కాని "అను" ఫాంట్లలో చేస్తారు. వాళ్లని యూనికోడ్ ఫైలు కూడా అడిగి తీసుకోండి. అను నుంచి యూనికోడ్‌కి మార్చినప్పుడు ఒత్తులు, కొన్ని గుణింతాలు చెదురుతాయి, పంపేముందు అక్షరమక్షరం చూడాలి.

పత్రికకి పంపేముందు ఆ పత్రిక ఈమధ్య సంచికలు కనీసం నాలుగు చదివి, రచనల నిడివి, పంపాల్సిన తీరు గురించి వాళ్లు వేసే ప్రకటన చూడండి. హామీపత్రం జతచేయండి: రచన మీ సొంతం, దేనికీ అనువాదమూ అనుకరణా కాదు, ఇంతకుముందు ఎక్కడా రాలేదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు అని. పేరు, చిరునామా, ఫోను. సోషల్ మీడియాలో పెట్టేసిన రచనని చాలామంది ప్రచురితం కిందే లెక్కేస్తారు. ఒకే గల్పికని ఒకేసారి రెండు పత్రికలకి పంపొద్దు, రెండూ వేసుకుంటే ఇద్దరికీ చెడ్డవాళ్లవుతారు.

సంక్రాంతి, ఉగాది కథల పోటీల గడువు తేదీలు క్యాలెండరులో వేసుకోండి. బహుమతి మాట అటుంచి, గడువు ఒక్కటే పూర్తి చేయిస్తుంది. ప్రవేశరుసుము అడిగే పోటీలకీ, "ఇన్ని కాపీలు కొంటే మీ రచన వేస్తాం" అనే సంకలనాలకీ దూరంగా ఉండండి. పుస్తకం వేస్తామంటూ ఐఎస్‌బీఎన్ నంబరుకి (పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్యకి) విడిగా డబ్బడిగితే ఒక సంగతి గుర్తుంచుకోండి: మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది.

పంపిన రోజే తర్వాతి చిత్తు మొదలుపెట్టండి. జవాబు కోసం ఖాళీగా ఎదురుచూసే రోజులే చేతిని మొద్దుబారుస్తాయి.

మధ్యలో ఆగిపోతే

ముందు ఏ రకం ఆగడమో తేల్చుకోండి. పుస్తకం తెరిచి, ఆఖరున రాసిన పేరాని మళ్లీ చేత్తో ఎత్తిరాయండి. పది నిమిషాల్లో కలం దానంతటదే ముందుకి సాగితే అది మామూలు బద్ధకం, అయిపోయింది. సాగకపోతే, తర్వాత ఏం జరగాలో మీకు తెలియడం లేదు. ఎడమ పేజీలో "ఇప్పుడు ఈ మనిషి ఏం చేయొచ్చు" అని అయిదు జవాబులు రాయండి. మొదటి రెండూ అందరికీ తోచేవి, వాటిని కొట్టేయండి. ఇక నిజంగా ఒళ్లు అలిసిపోయి ఉంటే రాయొద్దు. చెవి పుస్తకంలో మూడు మాటలు వేసి, టిక్కు పెట్టుకుని పడుకోండి.

పెళ్లిళ్లనో జ్వరమనో మూడు రోజులు పోతే, నాలుగో రోజున నాలుగు పేజీలు రాయబోకండి. బాకీ తీర్చబోయినవాళ్లే రెండోసారి, ఈసారి నెలల తరబడి ఆగిపోతారు. పోయిన రోజులు పోయాయి, ఆ పూట ఒక్క పేజీయే.

రెండు వారాలు వరసగా కుదరకపోతే గంట మార్చండి, కొలత తగ్గించండి. పేజీ బదులు అరపేజీ. గల్పికల సంఖ్య నాలుగైనా ఫరవాలేదు, పూర్తి కావడం మాత్రం తప్పకూడదు.

ఫలితం ఎలా చూసుకోవాలి

పన్నెండో వారం చివర మూడు లెక్కలు వేయండి. మొదటిది క్యాలెండరు: డెబ్బై రెండు రోజులకి యాభై టిక్కులు దాటితే అలవాటు పడినట్టే. రెండోది: మొదటి గల్పికకీ ఆఖరుదానికీ రికార్డింగులో తడబడిన గీతలు, పాఠకుడు పెట్టిన అడ్డగీతలు పక్కపక్కన వేసి చూడండి. మూడోది కాస్త కష్టం. మూడో వారం గల్పికనీ పదో వారం గల్పికనీ తేదీలు లేకుండా సాపు రాసి, ఇప్పటిదాకా మీ రచనలు చూడని మనిషికిచ్చి, ఏది ముందు రాసిందో చెప్పమనండి. సరిగ్గా చెబితే చెయ్యి తిరిగినట్టు. తలకిందులుగా చెబితే కంగారు పడొద్దు, ఆ రెండూ తీసుకుని ఎర్ర పెన్నుతో మళ్లీ కూర్చోండి. సాధారణంగా పదోదాంట్లో "గా"లూ, నీతివాక్యాలూ తిరిగొచ్చి ఉంటాయి, పని తొందరైన వారాల్లో అవే ముందు దూరతాయి.

తేడా అసలే తెలియడం లేదంటే ఆరో మెట్టు దగ్గర నాలుగు విడతలకి బదులు ఒకే విడతలో దిద్దేసి ఉంటారు. కొత్త గల్పిక రాయొద్దు. పాత ఎనిమిదినీ వారానికి రెండు చొప్పున, నాలుగు వారాల పాటు విడతలవారీగా దిద్దండి.